ముక్కముక్కకీ ఒక ఊరు

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా దక్షిణానికి పోతుంటే కొబ్బరితోటలు పలచబడి, సరుగుడు తోపులు మొదలై, పెదవుల మీద ఉప్పు తగిలే చోట ఓడలరేవు వస్తుంది. గోదావరి పాయ వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. అవతలి ఒడ్డు కరవాక. ఊరి పేరు ఇప్పుడు పేపర్లో కనిపించేది ఎక్కువగా ఓఎన్‌జీసీ గ్యాస్ టెర్మినల్ పుణ్యమా అని. మనకు టెర్మినల్‌తో పని లేదు. ఇసుక మీదికి లాగి పెట్టిన ఒక ఫైబర్ పడవతో పని.

పడవ ఒళ్ళంతా నీలం రంగు. ముక్కు దగ్గర రంగు లేచిపోయి, లోపలి గాజుపీచు తెల్లగా, తాటిముంజె మీది పొరలా కనబడుతోంది. వెనక వైపు ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను. దానికి రెండు నిలువుల పొడవున్న ఇనుప గొట్టం, లోపల కడ్డీ, చివర అరచేతులంత రెక్కల ప్రొపెల్లరు. ఇంజనునీ పడవనీ కలుపుతూ యాంగిల్ ముక్కలతో వెల్డింగు చేసిన ఒక పీట. పక్కమీద పెద్ద అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబరు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను: "ఇదెక్కడిదండీ, బాబాయ్?"

ఆయన తలెత్తకుండానే అన్నారు: "దేన్నడుగుతున్నారండీ? పడవనా, ఇంజన్నా, గొట్టాన్నా? ముక్కముక్కకీ ఒక ఊరుందండి, ఆయ్."

ఈ అధ్యాయమంతా ఆ మాట మీదే నడుస్తుంది. ఒక యంత్రం ఎక్కడ పుట్టిందో కనుక్కోవడమెలా? అది ఫ్యాక్టరీలో ఒకే చేతి మీదుగా వచ్చినదైతే కాగితం చూస్తే సరిపోతుంది. పది చోట్ల ముక్కలు తెచ్చి ఒకరు అతికించినదైతే? అమెరికాలో అలాంటి కార్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడమే పనిగా పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ కార్లను హాట్ రాడ్‌లు అంటారు. ముందు వాళ్ళ విద్య నేర్చుకుని, తర్వాత ఈ పడవ దగ్గరికి వద్దాం.

విమానం టాంకు కారయిన కథ

1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు జనం కొనగలిగే కారులో వి–8 ఇంజను పెట్టింది. శక్తి 65 హార్స్‌పవర్. కొన్నేళ్ళకు ఆ కార్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరకడం మొదలైంది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు వాటిని కొని, మడ్‌గార్డులు పీకి, బరువు తగ్గించి, ఒక కారు ఇంజను ఇంకో కారు ఛాసిస్‌లో ఇరికించి, మురోక్ లాంటి ఎండిన ఉప్పుచెరువుల మీద పందేలు వేసుకునేవారు. ఆ పందేలకు ఒక పద్ధతి పెట్టడానికి 1937లో సంఘం కూడా ఏర్పడింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యుద్ధసామగ్రి తుక్కు ధరకు వచ్చి పడింది. విమానం రెక్క కింద అదనపు పెట్రోలు కోసం వేలాడదీసే టాంకులు అందులో ఒకటి. గాలిని కోసుకుపోయేలా నీటిబొట్టు ఆకారంలో ఉంటాయవి. 1946లో బిల్ బర్క్ అనే ఆయన పి–51 మస్టాంగ్ విమానపు టాంకు ఒకటి కొని, కోసి, అందులో ఫోర్డ్ ఇంజను కూర్చోబెట్టి, చక్రాలు తగిలించి ఉప్పుచెరువు మీద పరిగెత్తించాడు. ఈ కారు ఎక్కడిది అని అడిగితే జవాబేమిటి? ఇంజను కారుది, ఒళ్ళు విమానానిది, ఆలోచన బర్క్‌ది.

తెలుగునాట ఈ వరస మనిషి కె. సుధాకర్. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర ఆయన 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ, బర్గర్, క్రికెట్ బ్యాటు, ఆడవాళ్ళ హైహీల్ చెప్పు ఆకారాల్లో నడిచే బళ్ళుంటాయి. లోపలి సామాను చాలావరకు తుక్కు దుకాణాలది. 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడుచక్రాల సైకిలు కట్టి 2005లో గిన్నిస్ రికార్డు కొట్టిందీ ఆయనే. వంకాయ కారు చుట్టూ తిరిగే పిల్లలు వంకాయను చూస్తారు. మెకానిక్ మాత్రం వంగి కిందికి చూస్తాడు. ఇరుసు ఏ బండిదో, గేర్‌బాక్స్ ఏ బండిదో అతనికి కావాలి. మనమూ వంగి చూడటం నేర్చుకోవాలి.

నంబరు లేని ముక్క

హాట్ రాడ్ పరిశోధకులను అన్నిటికంటే తిప్పలు పెట్టేది ప్రోటోటైపు భాగం. కంపెనీ ఒక కొత్త ఇంజను మార్కెట్‌లోకి తెచ్చే ముందు నమూనాలు చేసి చూసుకుంటుంది. పరీక్షలయ్యాక వాటిని మామూలుగా నాశనం చేస్తుంది. క్రైస్లర్ కంపెనీ 1960ల్లో విమానంలోలా టర్బైన్‌తో నడిచే కార్లు 55 తయారుచేసి, కొన్నిటిని జనానికి ఇచ్చి నడిపించి చూసింది. పరీక్ష ముగిశాక తొమ్మిదింటిని ఉంచి మిగతా 46 కార్లనూ తుక్కు చేసేసింది.

కానీ ఇనుము అంత తేలిగ్గా చావదు. ఒక సిలిండర్ హెడ్డో, ఒక కార్బురేటర్ మానిఫోల్డో పరీక్షశాల వెనక దొడ్డి నుంచి ఎవరి గ్యారేజీకో చేరుతుంది. ఏళ్ళ తర్వాత ఏ హాట్ రాడ్‌లోనో తేలుతుంది. పార్టుల పుస్తకంలో దాని బొమ్మ ఉండదు. కొలతలు మార్కెట్‌లోకి వచ్చిన భాగానికి దగ్గరగా ఉంటాయి కానీ అవే కావు. అప్పుడు చూసే చిన్న గుర్తులుంటాయి. ఫోర్డ్ తన ప్రయోగభాగాల మీద పోతలోనే 'ఎక్స్‌ఈ' అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు వేసేది. ఆ రెండక్షరాలు కనబడితే, ఆ ముక్క అమ్మకానికి పుట్టింది కాదని తెలిసిపోతుంది.

అక్షరాలే లేకపోతే? ఇనుమునే చదవాలి.

ఇనుము చదవడం

ఇంట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీనో, కూల్‌డ్రింక్ సీసాల క్రేటునో తిరగేసి చూడండి. రూపాయి బిళ్ళకంటే చిన్న గుండ్రటి ముద్ర ఉండే అవకాశం ఎక్కువ. చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం, బాణం పక్కన ఏడాది. బాణం ఏ అంకెను చూపిస్తే ఆ నెలలో ఆ వస్తువు అచ్చులోంచి బయటపడింది. అచ్చులో బిగించిన చిన్న మర అది. నెల మారగానే ఫ్యాక్టరీలో బాణాన్ని తిప్పుతారు. పోత ఇనుములో కూడా ఇలాంటి తేదీ గుర్తులు, పోత నంబర్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి ఆ ముక్క జాతకం.

జాతకం చెరిపేసే వాళ్ళూ ఉంటారు. దొంగబండి ఇంజను నంబరును గ్రైండర్ పెట్టి అరగదీస్తారు. నునుపుగా మెరిసే ఇనుము మీద ఇక ఏముంటుంది అనిపిస్తుంది. ఉంటుంది. పుస్తకంలో గట్టిగా నొక్కి రాసి, ఆ కాగితం చింపేసినా కింది కాగితం మీద అక్షరాల ఒత్తు మిగిలినట్టే, నంబరు గుద్దినప్పుడు ఆ దెబ్బకు కింది పొరల్లోని లోహస్ఫటికాలు కూడా నలుగుతాయి. పైన అరగదీసినా లోపలి నలుగుడు పోదు. నలిగిన చోట లోహాన్ని ఆమ్లం వేరే వేగంతో తింటుంది. ఉక్కు మీద క్యూప్రిక్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని దూదితో పదేపదే రుద్దితే చెరిగిన అంకెలు నీడల్లా పైకి తేలతాయి. మన ఫోరెన్సిక్ ల్యాబుల్లోనూ ఇదే కిటుకు. చాలా లోతుగా అరగదీస్తే మాత్రం నలిగిన పొర కూడా పోయి, రాత నిజంగానే చచ్చిపోతుంది.

మరకు కూడా దేశముంది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ బోల్టుల మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు. తర్వాత అమెరికావాళ్ళు 60 డిగ్రీలు ఎంచుకున్నారు. ఇప్పటి మెట్రిక్ మర కూడా 60 డిగ్రీలే. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతికి మాత్రం తేడా తెలుస్తుంది. ఒక దేశపు నట్టును ఇంకో దేశపు బోల్టుకు ఎక్కిస్తే రెండు చుట్లు బాగానే తిరిగి మూడో చుట్టులో పట్టేస్తుంది. పాత రైసుమిల్లుల్లో పనిచేసిన మెకానిక్కుల పెట్టెల్లో రెండు జట్ల పానాలు ఉండేవి, అంగుళాలవి ఒకటి, మిల్లీమీటర్లవి ఒకటి. ఏ ఇంజనుకు ఏ జట్టు తీయాలో చూపుతోనే తేల్చేవారు. ఆ చూపే చారిత్రక పరిశోధన.

తడి గాలికి వెరవని ఇంజను

ఇప్పుడు ఓడలరేవు పడవ దగ్గరికి రండి. దాని ఇంజను ఈ తీరంలో తరచూ కనిపించే రకం: గ్రీవ్స్ లొంబార్డిని జాతి, గాలితో చల్లబడే చిన్న డీజిల్. పేరులోనే రెండు దేశాలున్నాయి. లొంబార్డిని ఇటలీలో 1933లో మొదలైన ఇంజన్ల కంపెనీ. గ్రీవ్స్ కాటన్ 1859లో జేమ్స్ గ్రీవ్స్, జార్జ్ కాటన్ అనే ఇద్దరు బొంబాయిలో పెట్టిన సంస్థ. కాటన్ అనగానే కోనసీమవాళ్ళకు ధవళేశ్వరం ఆనకట్ట, గుర్రమ్మీద విగ్రహం గుర్తొస్తాయి. ఆయన ఆర్థర్ కాటన్. ఈ కాటన్ వేరు. ఇటలీ నమూనా ఇంజన్లను మన దేశంలో తయారుచేసింది ఈ రెండో కాటన్ పేరున్న కంపెనీ.

ఇంకా వెనక్కి పోతే రుడాల్ఫ్ డీజిల్. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను సరిగ్గా పనిచేసింది. అందులో కిటుకు సైకిలు పంపు కొట్టిన ఎవరికైనా తెలుసు: గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్లో గాలిని ఇరవయ్యో వంతు దాకా కుదిస్తారు. వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ క్షణాన నూనె చిమ్మితే దానంతటదే మండుతుంది. నిప్పురవ్వ అక్కర్లేదు, స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు.

సముద్రం మీద ఇది చిన్న సంగతి కాదు. స్పార్క్ ప్లగ్ తీగల మీద ఉప్పుతుంపర పడితే కరెంటు దారి తప్పుతుంది, ఇంజను ఆగిపోతుంది. అలలు విరిగే చోట ఇంజను ఆగడమంటే పడవ అడ్డం తిరిగి బోర్లా పడటమే. డీజిల్‌కు ఆ బెడద లేదు. పైగా గాలితో చల్లబడే రకం కాబట్టి ఉప్పునీరు లోపలికి పీల్చుకుని తుప్పు పట్టే గొట్టాల బాధా లేదు.

అయితే ఈ లక్షణాలేవీ సముద్రం కోసం రూపొందినవి కావు. చిన్న డీజిల్‌ను చేలో నీళ్ళు తోడటానికి, జనరేటరు తిప్పటానికి తయారుచేశారు. కరెంటు రాని పొలంలో, బురదలో, కాపలా లేకుండా గంటల తరబడి ఒకే వేగంతో తిరగాలి, అదే దాని ఉద్యోగం. డెల్టాలో దానికి ముందుతరం పెద్దలూ ఉన్నారు. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ చేసిన నిమిషానికి 650 చుట్ల బరువైన ఇంజన్లు, వాటికి రాజ్‌కోట్‌లో పుట్టిన నకళ్ళు, రైసుమిల్లుల్లో, నీటి పంపుల దగ్గర టుకుటుకుమన్నవి ఆ వంశమే. వాటి ఫ్లైవీలే ఒక మనిషి మోయలేనంత బరువు. పడవెక్కాలంటే ఇంజను బక్కచిక్కాలి. లొంబార్డిని జాతి అలా బక్కచిక్కినది.

చేలోంచి ఒడ్డుకు అది తిన్నగా రాలేదు, మధ్యలో రోడ్డెక్కింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1990ల్లో అమ్మిన టారస్ డీజిల్ మోటార్‌సైకిల్లో ఉన్నది 325 సీసీ, 6.5 హార్స్‌పవర్ల గ్రీవ్స్ లొంబార్డిని ఇంజనే. బుల్లెట్ ఒంట్లో పంపుసెట్టు ప్రాణం. వేగం లేదు, మైలేజీ ఉంది. అమలాపురం సెంటర్లో జనాన్ని ఎక్కించుకునే ఆపే ఆటోల్లో కూడా ఏళ్ళ తరబడి గ్రీవ్స్ డీజిళ్ళే. ఆపే అంటే ఇటాలియన్‌లో తేనెటీగ. 1948లో పియాజియో కంపెనీ తన వెస్పా స్కూటరుకు మూడో చక్రం తగిలించి పుట్టించిన బండి అది. వెస్పా అంటే కందిరీగ. దాన్ని రూపొందించిన కొరాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు. యుద్ధంలో పియాజియో విమానాల ఫ్యాక్టరీ బాంబులకు కూలింది. స్కూటరు ముందు చక్రాన్ని ఒక పక్కనుంచే పట్టుకునే ఏర్పాటు విమానం దిగే చక్రాల పద్ధతే. అంటే అమలాపురం ఆటో ముందు చక్రం దగ్గర వంగి చూసినా ఒక విమానం కనబడుతుంది, బిల్ బర్క్ కారులో కనబడినట్టే.

రోడ్డు మీద ఇలాంటి అతుకుల బళ్ళకు మన దేశంలో చోటు తగ్గింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. సుప్రీంకోర్టు 2019లో అదే గట్టిగా చెప్పింది. పడవకు ఆ చట్టం వర్తించదు. పడవ మీద నంబరు 'ఐఎన్‌డీ ఏపీ' అని మొదలవుతుంది. దాని తర్వాతి భాగంలో వచ్చే 'ఎంవో' అంటే, చేతిపడవకు మోటారు తగిలించారని అర్థం. అతుకు పెట్టిన సంగతి సర్కారు నంబర్లోనే రాసి ఉంది! మన దేశపు హాట్ రాడ్‌లు నీళ్ళ మీద తేలుతున్నాయంటే తప్పులేదు.

తోక ఎత్తడం

ఇంజను దొరికింది. దాన్ని పడవకు కట్టడమెలా? రేవుల్లో ఉండే పెద్ద బోట్లకు ప్రొపెల్లరు అడుగున స్థిరంగా ఉంటుంది. ఒడ్డుకు లాగాల్సిన పడవకు ఆ ఏర్పాటు కుదరదు. అలల మీద దూసుకొచ్చి ఇసుకకు తగలగానే రెక్కలు విరుగుతాయి.

ఈ చిక్కు మీద బంగాళాఖాతం తీరంలో శాస్త్రీయంగా ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ స్వీడన్ డబ్బుతో 1979లో మద్రాసు కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. నార్వే నౌకాశిల్పి ఓయ్‌విన్ గుల్‌బ్రాన్‌సెన్ లాంటి వాళ్ళు తూర్పుతీరం కోసం ఒడ్డుకు దిగే పడవల నమూనాలు వరసగా గీశారు, కట్టారు, అలల్లో పరీక్షించారు, మార్చారు, మళ్ళీ కట్టారు. ఐఎన్‌డీ–20 లాంటి పేర్లతో ఉన్న ఆ పడవలు అసలుసిసలు ప్రోటోటైపులు. వాటిలో ముఖ్యమైనది బాబ్ డ్రైవ్ అనే ఏర్పాటు: ఇంజను, కడ్డీ, ప్రొపెల్లరు మొత్తం ఒకే ఇరుసు మీద తూగుతాయి. ఒడ్డు దగ్గరపడగానే ఇంజనును ఇటు వంచితే ప్రొపెల్లరు అటు పైకి లేస్తుంది. ఉయ్యాలబల్ల సూత్రమే.

మరోవైపు థాయిలాండ్ కాలువల్లో ఎప్పటినుంచో పొడవుతోక పడవలున్నాయి. కారు ఇంజనునే ఇరుసు మీద కూర్చోబెట్టి, పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లరు పెట్టి, మొత్తాన్ని తెడ్డులా అటూ ఇటూ తిప్పుతూ, లోతు తగ్గితే పైకెత్తుతూ నడుపుతారు. ఓడలరేవు పడవ తోక చూడటానికి ఈ వంశానిదే. గేర్‌బాక్స్ లేదు, రివర్సు లేదు, చుక్కాని లేదు. తోకే చుక్కాని, తోకే చోదకం. గేరు లేదంటే ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లరూ అన్ని చుట్లు తిరగాలి. నిమిషానికి వేల చుట్లు తిరిగేదానికి పెద్ద రెక్కలు కడితే చిన్న ఇంజను తిప్పలేదు, నీళ్ళు నురగవుతాయి. రెక్కలు అరచేతులంతే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

గాజుతో చేసిన తెప్ప

ఇంజను కింద ఉన్నది గాజు. 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మలను అతికించే ప్రయత్నంలో ఉండగా, గాలి పోటుకు కరిగిన గాజు సన్నటి పోగులుగా చిమ్మింది. ఆ పొరపాటులోంచే గాజుపీచు పరిశ్రమ పుట్టింది. గాజుపీచు చాపను అచ్చులో పరిచి, జిగురు పూసి, పొర మీద పొర వేస్తే ఆరాక ఉక్కుతో పోటీపడే తేలికైన పెంకు తయారవుతుంది. తుప్పు పట్టదు, చెదలు పట్టదు.

హాట్ రాడ్ కథతో ఈ పెంకుకు విచిత్రమైన చుట్టరికముంది. కాలిఫోర్నియాలో బిల్ ట్రిట్ అనే పడవల తయారీదారు గాజుపీచుతో పడవలు చేసేవాడు. ఒక సైనికాధికారి భార్యకు జీపు ఛాసిస్ మీద కట్టిన హాట్ రాడ్ ఉంది, దానికి మంచి ఒళ్ళు కావాలి. ట్రిట్ పడవ చేసే పద్ధతిలోనే కారు ఒళ్ళు పోశాడు. అమెరికాలో గాజుపీచు స్పోర్ట్స్ కార్లకు దారి తీసిన వాటిలో 1951 నాటి ఆ కారు ఒకటి. రెండేళ్ళకే షెవర్లే కంపెనీ గాజుపీచు ఒంటితో కార్వెట్‌ను తెచ్చింది. అక్కడ పడవ ఒళ్ళు కారుకు ఎక్కింది. ఇక్కడ ఆటో ఇంజను పడవ ఎక్కింది. ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయింది.

ఫైబర్ పడవకు ముందు ఈ తీరంలో తెప్పలున్నాయి. తేలికజాతి దుంగల్ని తాళ్ళతో కట్టి చేసేవి. వేట అయ్యాక తాళ్ళు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసుకలో ఎండబెట్టేవారు. నీరు పీల్చిన దుంగ మర్నాటికి తేలిక పడాలి కదా. అంటే పొద్దున్నే ముక్కలుగా ఉన్నదాన్ని పడవగా కట్టి, సాయంత్రం మళ్ళీ ముక్కలు చేసేవారు. తమిళంలో దీన్ని కట్టుమరం అంటారు, ఇంగ్లీషులోకి కాటమరాన్‌గా వెళ్ళింది. ముక్కల్ని కలిపితే పడవ అవుతుందన్న ఆలోచన ఓడలరేవుకు ఇంజనుతో కొత్తగా రాలేదన్నమాట.

చెట్టా, అక్విడక్టా?

ఇన్ని ముక్కల వంశాలను ఒక బొమ్మగా గీయాలంటే? జీవశాస్త్రజ్ఞులు వంశవృక్షం గీస్తారు. ఒక కొమ్మ రెండుగా చీలుతుంది; చీలిన కొమ్మలు మళ్ళీ కలవవు. మామిడికొమ్మ పనసకొమ్మలో కలవదు. శిలాజాల పండితుడు నైల్స్ ఎల్‌డ్రెడ్జ్‌కు బాకాల్లాంటి కార్నెట్ వాద్యాలను సేకరించే సరదా ఉంది. జీవుల మీద వాడే పద్ధతితోనే వాటికి వంశవృక్షం గీయబోతే కుదరలేదు. ఒక తయారీదారు పెట్టిన మంచి కవాటాన్ని పక్కవాడు మర్నాడే తనదానిలో పెట్టుకుంటాడు. కొమ్మ నుంచి కొమ్మకు దూకే ఈ అలవాటు వల్ల చెట్టు కాస్తా చిక్కుపడ్డ వలయింది.

అయితే జీవంలోనూ ఒకసారి ఇలాంటి అతుకు పడింది. మన కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా అనీ, ఇంకో కణం దాన్ని లోపల ఉంచేసుకుందనీ 1967లో లిన్ మార్గులిస్ వాదించింది. మొదట చాలామంది కొట్టిపారేశారు, తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పించిన సాక్ష్యాల్లో ఒకటి మనకిప్పుడు బాగా అర్థమవుతుంది: మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది, మనుషుల్లోనైతే 37 జన్యువులతో. ఇంకొకరి ఇంట్లో కాపురముంటూ తన నంబరు తానే దాచుకుంది. పడవ మీద పడవ నంబరు, ఇంజను మీద ఇంజను నంబరు ఉన్నట్టే.

వైనతేయ ఒడ్డున నిలబడి దీనికి పోలిక వెతుక్కోవాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఇదే నది వెంట పైకి పోతే పి.గన్నవరం. గోదావరి గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా చీలడం చెట్టు కొమ్మలు చీలినట్టే; నీరు తనంతట తాను పల్లానికి పోతూ విడిపోతుంది. కానీ గన్నవరంలో కాలువ నీరు నదిని దాటాలి. 1850ల్లో హేగ్ అనే ఇంజనీరు 49 కమానులతో అక్విడక్టు కట్టి, ఒక నీటిని ఇంకో నీటి నెత్తి మీదుగా అవతలి లంకకు పంపాడు. ఇప్పుడు పక్కనే కొత్తది కూడా ఉంది. కింద నది, పైన కాలువ. ఒకే గోదావరి నీరు రెండు దారుల్లో, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతోంది. యంత్రాల వంశం గీయాలంటే నాకు ఆ బొమ్మే సరైనదనిపిస్తుంది. పంపుసెట్టు కాలువలోని ఇంజనును ఎవరో పడవ కాలువలోకి దాటించారు. దాటించిన చోట ఒక కట్టడం మిగులుతుంది.

ఆ కట్టడమే హాట్ రాడ్ పరిశోధకుల ఆఖరి ఆధారం. ఇంజను మీది నంబరు ఇంజను చేసినవాడిని చెబుతుంది, కారు కట్టినవాడిని చెప్పదు. కట్టినవాడు దొరికేది ఒక కంపెనీ ఇంజనునూ ఇంకో కంపెనీ గేర్‌బాక్సునూ కలిపే అడాప్టర్ పలక దగ్గర, ఇంజను కూర్చునే పీట దగ్గర. వెల్డింగు గీత ఒక్కొక్కరిది ఒక్కో దస్తూరీ. కొందరిది చీమలబారులా సమంగా ఉంటుంది, కొందరిది గడ్డలు కడుతుంది. ఎవరు ఎటునుంచి ఎటు లాగారో కూడా తెలిసిపోతుంది. పాత ఫొటోల్లోని పీటతో పోల్చి, ఫలానా కారు ఫలానావారి చేతిదని తేల్చుకుంటారు. ఆ పీటకు పార్టు నంబరు ఉండదు. అది ఎప్పటికీ ప్రోటోటైపే.

అది గుర్తొచ్చి, మళ్ళీ పడవ వెనక్కి వెళ్ళి వంగి చూశాను. యాంగిల్ పీట మీద ఎర్ర ప్రైమరు పెచ్చులూడి ఉంది. ఇంజను కాళ్ళు బిగించే బెజ్జాలు నాలుగు. మూడు గుండ్రంగా ఉన్నాయి. నాలుగోది కోలగా, ఆకురాయితో సాగదీసినట్టు, చింతగింజ ఆకారంలో ఉంది. దానికి మాత్రం రెండు వాషర్లు వేశారు.

"బాబాయ్, ఈ పీట ఎక్కడిదండీ?"

ఈసారి ఆయన వల పక్కన పెట్టి లేచొచ్చారు. కోల బెజ్జం మీద బొటనవేలు పెట్టి రుద్దారు.

"ఇదాండీ? మొదట్లో బెజ్జం తప్పు పడిందండి. పీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ పీకి... నాలుగు రోజులు పట్టిందండి." ఇసుక కేసి చూపించారు. "ఇక్కడేనండి, ఆయ్."